సాయంత్రం బడిలో చదవడం నేర్పేటప్పుడు: ఎవరి నోట ఎన్ని నిమిషాలు?

కమ్యూనిటీ హాల్లోనో, గుడి అరుగు మీదో, బడి వరండాలోనో సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టే కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఎక్కువ చోట్ల జరిగేది ఒకటే. పిల్లలు సంచీ విప్పి హోంవర్క్ రాసుకుంటారు, పెద్దవాళ్లు దిద్దుతారు, చీకటి పడకముందే ఇళ్లకు పంపుతారు. మూడో తరగతి పిల్ల నోట్‌బుక్ నిండా గుండ్రటి అక్షరాలతో ప్రశ్నలూ జవాబులూ ఉంటాయి. అందులో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అంటే బిత్తరపోయి చూస్తుంది. బోర్డు మీద ఉన్నది బొమ్మ గీసినట్టు దించుకుంది, అంతే. అలాంటి పిల్లలకు హోంవర్క్ సాయం చేస్తే ఆ పూట గడుస్తుంది గానీ చదవడం రాదు.

కింద రాసినదంతా ఒక మామూలు కేంద్రం కొలతకు: వారానికి ఐదు రోజులు, రోజుకు గంటన్నర, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా 25 మంది పిల్లలు, ఇంటర్ గానీ డిగ్రీ గానీ చదివిన ఇద్దరు వాలంటీర్లు. ఇంతకన్నా ఎక్కువ హంగు అక్కర్లేదు.

ముందు ఒక లెక్క. 40 నిమిషాలు చదువు పెట్టి, ఒకరి తర్వాత ఒకరిని లేపి చదివిస్తే ఒక్కొక్కరికి వచ్చేది 1.6 నిమిషాలు. మిగతా 38 నిమిషాలు పక్కవాళ్లు చదివేది విన్నట్టు కూర్చోవడమే. పోనీ అందరితో ఒకేసారి గట్టిగా చదివిస్తే అందరి నోళ్లూ ఆడతాయి, కానీ నలుగురైదుగురు చదువుతారు, మిగతావాళ్లు అర క్షణం ఆలస్యంగా ఆ గొంతుల్ని అందుకుంటారు. వెనక నుంచి వింటే హాలంతా చదువుతున్నట్టే ఉంటుంది. పిల్లల ముందుకొచ్చి వాళ్ల కళ్లు చూస్తే సగం మంది పుస్తకంలో లేరని తెలుస్తుంది. కాబట్టి ఏ కార్యక్రమం పెట్టినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు తన కళ్లతో చూసి తన నోటితో ఎన్ని నిమిషాలు చదివారు? రోజుకు పది నిమిషాలకు తగ్గితే ఆ రోజు చదువు జరగనట్టే లెక్క.

మొదటి వారం: ఎవరు ఎక్కడున్నారు

తరగతిని బట్టి గుంపులు చేయకూడదు. ఐదో తరగతిలో అక్షరాలు రానివాళ్లూ ఉంటారు, రెండో తరగతిలో కథ చదివేవాళ్లూ ఉంటారు. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న నాలుగు మెట్ల పద్ధతే దీనికి చాలు: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఒక ఏ4 కాగితం మీద చేత్తో రాసుకోవచ్చు. అక్షరాలు పది, ఒత్తుల్లేని చిన్న మాటలు పది, నాలుగు వాక్యాల పేరా ఒకటి, ఎనిమిది పది వాక్యాల కథ ఒకటి. పేరా ఈ మాత్రం ఉంటే సరిపోతుంది: "మా ఇంటి వెనక వేప చెట్టు ఉంది. దాని మీద కాకి గూడు కట్టింది. గూటిలో మూడు గుడ్లు ఉన్నాయి. మేము రోజూ వాటిని చూస్తాం."

మొదలుపెట్టాల్సింది పేరాతో. తడుముకోకుండా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇవ్వాలి. చదవలేకపోతే మాటల దగ్గరకు దిగాలి. ఏవైనా ఐదు మాటల్లో నాలుగు వస్తే 'మాటల' మెట్టు. రాకపోతే ఐదు అక్షరాల్లో నాలుగు చూడాలి. అవీ రాకపోతే మొదటి నుంచి మొదలు. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఇద్దరు వాలంటీర్లు పంచుకుంటే రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

ఇక్కడ తప్పులు మూడు రకాలు. ఒకటి, పాఠ్యపుస్తకంలోని పాఠాన్నే పరీక్షగా పెట్టడం. పిల్లలకు అది కంఠతా వచ్చి ఉంటుంది, పేజీ తలకిందులుగా ఉన్నా చదివేస్తారు. అనుమానం వస్తే మధ్యలో ఒక మాటకు వేలు పెట్టి అడిగితే తేలిపోతుంది. రెండు, మిగతా పిల్లలు చూస్తుండగా పరీక్షించడం. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారంటే ఆ పిల్లవాడు వచ్చిన అక్షరం కూడా చెప్పడు. హాలు మూలకో, అరుగు చివరికో తీసుకెళ్లి పక్కపక్కన కూర్చుని అడగాలి. మూడోది యాసకు సంబంధించింది. "రాజు వచ్చాడు" అని ఉన్నదాన్ని వరంగల్ వైపు పిల్ల "రాజు వచ్చిండు" అని చదివితే అది తప్పు కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్ల అలా చదవలేదు. అర్థం చేసుకుని తన మాటలోకి మార్చుకున్న పిల్లే చదవగలదు. 'భ'ను 'బ'లా పలికినా చదవడంలో తప్పు పట్టకూడదు. అది రాతలో చూసుకోవాల్సిన సంగతి.

కె ఎక్కడుందో తెలియని గుణింతం

అక్షరాల మెట్టులోనూ, దాని కిందా ఉన్న పిల్లల దగ్గరే ఎక్కువ సమయం పోతుంది, పోవాలి కూడా. వీళ్లకు ఓనమాలు పాటలా వస్తాయి. "క కా కి కీ" కూడా గుక్క తిప్పుకోకుండా చెప్తారు. 'కె' అని రాసిన కార్డు ఒక్కటే చూపించి చూడండి. పిల్లవాడు పెదాలు కదుపుతూ 'క' దగ్గర మొదలుపెట్టి, కు, కూ దాటి 'కె' దాకా వచ్చి ఆగుతాడు. వేళ్లు కూడా మడుస్తుంటాడు. వాడికి తెలిసింది వరస. ఆ గుర్తుకూ ధ్వనికీ సంబంధం తెలియదు. ప్రతి అక్షరానికీ ఇలా మెట్లెక్కి రావాలంటే ఒక వాక్యం పూర్తయ్యేలోపు మొదటి మాట మర్చిపోతాడు.

అందుకే గుణింతాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా నేర్పాలి. ఒక హల్లుకు అన్ని గుర్తులూ తగిలించడం కాదు, ఒకే గుర్తును అన్ని హల్లులకూ తగిలించాలి: కా, గా, తా, నా, పా, మా. రెండు రోజుల్లో దీర్ఘం అంటే ఏమిటో చేతికి చిక్కుతుంది. కొత్త హల్లు వచ్చినా దానికి దీర్ఘం తగిలిస్తే ఏమవుతుందో పిల్లే చెప్తుంది.

56 అక్షరాలూ వచ్చాకే మాటలు అనే పట్టుదల మానుకోవాలి. ఙ, ఞ విడిగా ఎక్కడా కనిపించవు. ౠ, ఌ, ౡ ఇప్పటి పుస్తకాల్లో దాదాపు లేవు. ఛ, ఝ, ఱ ఎప్పుడో ఒకసారి వస్తాయి. వాటి కోసం నెల ఖర్చుపెట్టడం దండగ. క, గ, డ, త, ద, న, ప, బ, మ, ర, ల, వ అనే పన్నెండు హల్లులూ సున్నా వస్తే చాలు, తల, వల, కల, గద, నగ, మర, పడవ, కడవ, గడప, పలక, వరద, మడమ, బలపం, గంప, దండ చదివేయొచ్చు. మొదటి పది రోజుల్లోనే పిల్ల మాట చదివింది! ఆ ఊపు విలువ తక్కువది కాదు.

ఆ తర్వాత గుర్తుల వరస: దీర్ఘం, కొమ్ము, గుడి. పుస్తకాల్లో కొమ్ము గుడి తర్వాత వస్తుంది గానీ, దాన్ని ముందుకు తేవడం మేలు. తెలుగు మాటల్లో ఎన్నో 'ఉ'తో ముగుస్తాయి. కొమ్ము రాకపోతే పాలు, కాలు, తాడు, గాజులు ఏవీ చదవలేరు. ఈ మూడు గుర్తులూ, సున్నా, పై హల్లులకు య, స కలిపితే ఇదిగో ఇంత కథ రాయొచ్చు:

తాతకు మామిడి పండు కావాలి. బాబు రాయి విసిరాడు. పండు రాలింది. కాకి వాలింది. పండు కాకి పాలు!

ఒక్క ఒత్తు లేదు, నేర్చుకోని గుర్తు లేదు. అయినా కథ ఉంది. చివరి వాక్యం దగ్గర ఆగి "పాలు అంటే తాగే పాలా?" అని అడిగితే సగం మంది అవునంటారు, ఒకరిద్దరు కాదంటారు, అక్కడ వాదన మొదలవుతుంది. ఇలాంటి ఐదు వాక్యాల కథలు వాలంటీరు వారానికి రెండు రాయగలగాలి. రాసేటప్పుడు ఒక్కటే నియమం: అప్పటిదాకా నేర్పిన గుర్తులు తప్ప ఇంకేమీ రాకూడదు. రాశాక ఒక్కో అక్షరం మీద పెన్సిల్ పెట్టి సరిచూసుకోవాలి. "చూసింది" అని అలవాటుగా రాసేస్తాం, కొమ్ము దీర్ఘం ఇంకా చెప్పలేదని తర్వాత గుర్తొస్తుంది.

తర్వాత గుడి దీర్ఘం, కొమ్ము దీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వం, ఋత్వం ఎదురైనప్పుడు చెప్తే చాలు. ఒక్కో గుర్తుకు మూడు నాలుగు రోజులు.

ఆకారాల్లో పిల్లలు తికమకపడే చోట్లు ముందే తెలిసి ఉండాలి. ప–వ, మ–య, న–స, ధ–థ. పు, వు అక్షరాల్లో కొమ్ము మామూలుగా పక్కన అతుక్కోదు, కింది నుంచి బయల్దేరుతుంది. ఆ తేడా చూపించకపోతే 'వు'ను 'మ' అని చదువుతారు. మొ, యొ అక్షరాలకు మిగతావాటిలా ఒత్వం గుర్తు ఉండదు, ఎత్వానికి కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. పోలికున్న రెండు అక్షరాల్నీ ఒకే రోజు పరిచయం చేయడం పెద్ద పొరపాటు. 'మ' గట్టిపడ్డాక వారం ఆగి 'య' తేవాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి "ఎక్కడ తేడా?" అని వేలితో చూపించమనాలి.

కార్డుల సంగతి. 22×28 అంగుళాల చార్టును 3×4 అంగుళాల ముక్కలుగా కోస్తే 49 కార్డులు వస్తాయి. అంతకన్నా గట్టివి పాత పెళ్లిపత్రికలు, ఊళ్లో అడిగితే సంచీడు ఇస్తారు. వాటి ఖాళీ వైపు మార్కర్‌తో కనీసం రెండంగుళాల ఎత్తు అక్షరం రాయాలి. గుర్తుల్ని విడి కార్డులుగా చేసి అక్షరం పక్కన పెట్టే ఆట తెలుగుకు పొసగదు. తలకట్టు పోయి గుడి వస్తుంది, కొమ్ము చోటు మారుతుంది, అక్షరం రూపే వేరవుతుంది. కా, కి, కు అని పూర్తి అక్షరాలే రాయాలి. ఆట ఏదైనా సరే: నేల మీద పరిచి పిలిచిన అక్షరం మీదకు గెంతడం, జతలు ఏరడం, కార్డులు కలిపి మాట కట్టడం. కానీ ఆట పది నిమిషాలే. కార్డుల్లో అక్షరం గుర్తుపట్టడం చదవడం కాదు, ఆ వెంటనే అదే అక్షరమున్న వాక్యం చదివించాలి.

ఒత్తు దగ్గర వేలు ఎటు పోవాలి

మాటల మెట్టు నుంచి పేరాకు ఎక్కలేక ఆగిపోయే పిల్లల్లో ఎక్కువ మందికి అడ్డం ఒత్తే. "చెట్టు"ను "చెటు" అనో, "చెటుట" అనో చదువుతారు. పిల్లల తప్పేం లేదు, రాతలోనే మెలిక ఉంది. ఒత్తు కింద ఉంటుంది. కొమ్ము పై అక్షరానికి తగిలి ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం పై హల్లు, కింది హల్లు, ఆ తర్వాత కొమ్ము. "చంద్రుడు"లో కొమ్ము 'ద'కు ఉంది, వినిపించేది 'ర' తర్వాత. కంటికి కనిపించిన వరసలో చదివే పిల్ల "చందురుడు" అనక ఏం చేస్తుంది?

దీనికి వేలే మందు. పై అక్షరం మీద వేలు పెట్టి సగం పలకాలి, కింది ఒత్తు మీదకు జారాలి, మళ్లీ పైకి వచ్చి గుర్తును ముట్టాలి. పైన, కింద, మళ్లీ పైన. పలక మీద పెద్దగా రాసి, పిల్ల వేలు పట్టుకుని మూడు నాలుగు మాటలకు ఇలా తిప్పితే విషయం అందుతుంది. వారం రోజులు ప్రతి ఒత్తు దగ్గరా వేలు ఇలాగే తిరగాలి, తర్వాత అదే మానేస్తారు.

మొదట అదే అక్షరానికి అదే ఒత్తు ఉన్నవి తీసుకోవాలి: అక్క, అమ్మ, బల్ల, ఎద్దు, పువ్వు. ఇవి పిల్లల నోట్లో ఉన్న మాటలే. ట, బ, జ, ణ ఒత్తులు అచ్చం చిన్న అక్షరాలే కాబట్టి సులువు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక లేదు. ఈ ఆరింటికీ కార్డులు చేసి గోడకు అంటించాలి, నెల రోజులు అక్కడే ఉండాలి. తర్వాత పుస్తకం, చంద్రుడు లాంటి సంయుక్తాలు. రెండు ఒత్తులున్న "స్త్రీ" లాంటివి ఎప్పుడో చివర్లో.

జంట చదువు

చదువు నిమిషాలు పెంచే ఉపాయాల్లో దీనికి మించింది లేదు. ఇద్దరిద్దరు ఒక పుస్తకం పట్టుకుని, ఒకరు ఏడు నిమిషాలు చదివితే ఇంకొకరు వింటారు, తర్వాత మార్చుకుంటారు. పావుగంటలో ప్రతి పిల్లకూ ఏడు నిమిషాలు దక్కుతాయి. ఇద్దరి మధ్యా ఒక్క మెట్టు తేడా ఉండాలి, అంతకు మించకూడదు. కథ చదివేవాణ్ని అక్షరాలు రానివాడి పక్కన కూర్చోబెడితే మొదటి రోజు ఓపిగ్గా చెప్తాడు, మూడో రోజు పుస్తకం తనే లాక్కుని చదివేస్తాడు.

వినేవాళ్లకు ఒక నియమం గట్టిగా చెప్పాలి: పక్కవాళ్లు ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టేదాకా అందించకూడదు. ఇది పిల్లలకన్నా పెద్దవాళ్లకే కష్టం. వాలంటీర్లు రెండో అంకె దగ్గరే మాట అందిస్తారు. అలా అందించడం మొదలుపెడితే పిల్ల పుస్తకం చూడటం మానేసి అక్క మొహం చూడటం మొదలుపెడుతుంది. ఐదు తర్వాత కూడా మాటంతా చెప్పకుండా మొదటి అక్షరం అందిస్తే చాలు.

జంటలు చదువుతున్నప్పుడు వాలంటీర్లు కూర్చోకూడదు. ఒక్కొక్కరు నలుగురి దగ్గరకు వెళ్లి మూడేసి నిమిషాలు వినాలి. రోజుకు ఎనిమిది మంది, వారానికి 40 సార్లు వినడం అవుతుంది. 25 మందినీ వారానికి ఒక్కసారన్నా విన్నాక ఇంకా 15 మిగులుతాయి. అవి బాగా వెనకబడ్డ ఐదుగురివి, ఒక్కొక్కరికి అదనంగా మూడేసి. ఇది ముందే రాసిపెట్టుకోకపోతే ఆ 40 సార్లూ చొరవగా దగ్గరకొచ్చే పిల్లలకే పోతాయి, మూలన కూర్చునేవాళ్లు నెల తిరిగినా మూలనే ఉంటారు. రిజిస్టర్లో తేదీ, పేరు, చదివింది, తడబడ్డ చోటు, ఈ నాలుగు గడులు చాలు. "ఏత్వం దగ్గర ఆగుతోంది" అనే మూడు మాటలు మర్నాడు ఏం చెప్పాలో చెప్తాయి. "బాగా చదివింది" అని రాస్తే ఎందుకూ పనికిరాదు.

కథ చెప్పే పది నిమిషాలు

సాయంత్రం మొదలయ్యేది దీనితోనే, మెట్టుతో సంబంధం లేకుండా అందరికీ. పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుని, చదువుతున్న లైను కింద వేలు కదుపుతూ చదవాలి. ఒకే కథ మూడు రోజులు. మొదటి రోజు వింటారు. రెండో రోజు వచ్చిన చోటల్లా గొంతు కలుపుతారు. మూడో రోజు వేలు వాళ్లదే. రోజుకో కొత్త కథ చెప్తే సరదాగా ఉంటుంది గానీ ఏ మాటా కంటికి అలవాటు కాదు.

కథయ్యాక "కుందేలు ఏం తింది?" లాంటి ప్రశ్నలకు వినకపోయినా జవాబు చెప్పొచ్చు. "అది అబద్ధం ఎందుకు చెప్పింది? నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడగాలి. ధారాళంగా చదివి, ఏం చదివావంటే తెల్లమొహం వేసే పిల్లలు ప్రతి కేంద్రంలోనూ ఉంటారు, వాళ్లను వేగం చూసి పై మెట్టు ఎక్కించకూడదు. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు అని ఉంది, కానీ అర్థం చేసుకుంటూ అని కూడా ఉంది. గడియారం పట్టుకునేవాళ్లు ఆ రెండోది మర్చిపోతారు. పైగా తెలుగు మాట పొడుగు. "వెళ్లిపోయాడనుకున్నాను" కూడా లెక్కలో ఒక్క మాటే.

సొంత మాటలు

పిల్ల ఒక వాక్యం చెప్తుంది, వాలంటీరు ఆ మాటలే, ఆ యాసలోనే కాగితం మీద రాస్తారు, పిల్ల దాన్ని చదువుతుంది. "మా బర్రె ఈనింది." తను చెప్పిందే కాబట్టి చదవడం తేలిక, మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తుంది. ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు, ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇంకా బాగా పనికొస్తుంది. ముందు వాళ్ల భాషలో చెప్పనివ్వాలి. ఆ భాష వచ్చిన ఇంకో పిల్ల తెలుగులో చెప్తుంది, అది రాయాలి. తెలియని భాషలో తెలియని అక్షరాలు ఒకేసారి నెత్తిన పెడితే ఏ పిల్లా మోయలేదు.

ఇలాంటి వాక్యాలు ఆరేడు పోగయ్యాక ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిది పేజీల చిట్టి పుస్తకం చేయించొచ్చు. కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు పడతాయి. పొడవు సగమయ్యేలా ఒక్క మడత ఉంచి, మడత అంచు నుంచి మధ్య గీత వెంట సగం దాకా కత్తిరించాలి. చివరి దాకా కోస్తే కాగితం రెండు ముక్కలవుతుంది, మొదటిసారి ప్రతి కేంద్రంలోనూ నాలుగైదు అలాగే పోతాయి. విప్పి, నిలువుగా పొడుగు పట్టీలా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే పుస్తకం నిలబడుతుంది. పేజీకో వాక్యం, కింద బొమ్మ, అట్ట మీద రచయిత పేరు.

చదవడం రాని పెద్దపిల్లలు

ఆరు, ఏడు తరగతుల్లో ఉండి 'మాటల' మెట్టు దాటని పిల్లల చేతికి పెద్దక్షరాల బొమ్మల పుస్తకం ఇస్తే మర్నాటి నుంచి రారు. వాళ్లకు బస్సు బోర్డులు, పేపర్లో క్రికెట్ వార్త, సినిమా పోస్టరు, ఎరువుల బస్తా మీది రాత ఇవ్వాలి. ఇంకో మంచి దారి ఉంది. చిన్నపిల్లలకు శుక్రవారం కథ చదివే పని వాళ్లకు అప్పగించడం. బుధ, గురువారాల్లో అదే చిన్న పుస్తకాన్ని నాలుగైదుసార్లు చదివి సాధన చేస్తారు, ఈసారి అది చిన్నపిల్లల పుస్తకమని నామోషీ ఉండదు, ఎందుకంటే చదివేది ఆ చిన్నపిల్లల కోసమే.

గంటన్నర పంపకం

కథ పది నిమిషాలు, మెట్ల వారీ గుంపుల్లో చదువు 25, జంట చదువు 15, మరమరాలో ఉడికించిన శనగలో తినడానికి పది, హోంవర్క్ 25, పుస్తకాలు ఇచ్చి పంపడానికి ఐదు. హోంవర్క్ చివరే రావాలి. ముందు పెడితే గంటన్నరా అదే తినేస్తుంది. అలాగని పూర్తిగా తీసేయకూడదు, బడిలో దెబ్బలు పడతాయని పిల్లలే మానేస్తారు. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో చాలావాటిలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటోంది. హోంవర్క్ ఇంగ్లీషులో ఉన్నా ముందు తెలుగు పేజీ చదివించి, ఏం అడిగారో చెప్పించి, తర్వాత రాయించాలి.

పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతలప్పుడు హాజరు పడిపోతుంది. అప్పుడు కొత్త గుర్తులు మొదలుపెట్టకూడదు, వచ్చినవాళ్లతో పాతవే కథలుగా చదివించాలి. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి రెండు రోజులూ అంతే. మెట్ల పరీక్ష ఆరు వారాలకోసారి, కొత్త కాగితంతో. పాతదే వాడితే పిల్లలకు గుర్తుండిపోతుంది. మెట్టెక్కిన పిల్లను ఆ రోజే గుంపు మార్చాలి, నెలాఖరు దాకా ఆపకూడదు.

పుస్తకం ఇంటికి

25 మందికి కనీసం 60 పుస్తకాలు కావాలి. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్టువి తక్కువ ధరకే దొరుకుతాయి. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితం, మెట్ల వారీగా ఉంటాయి, ప్రింటు తీసుకోవచ్చు. బీరువాలో పెట్టి తాళం వేస్తే పుస్తకాలు కొత్తగానే ఉంటాయి, ఎవరూ చదవరు. గోడకు రెండు మేకులు కొట్టి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో అట్ట కనిపించేలా వేలాడదీయాలి, పిల్లల చేతికి అందే ఎత్తులో. పుస్తకం కుట్టు ఉన్న వీపు వైపు ముందే వెడల్పు టేపు వేయాలి. చిరిగితే జరిమానా పెట్టకూడదు. జరిమానా అనగానే ఇంట్లోవాళ్లు "ఆ పుస్తకాలు తేకు" అంటారు, దాంతో ఇంటి చదువు ఆగిపోతుంది.

రోజూ ఇంటికి ఒక పుస్తకం వెళ్లాలి, అదీ కేంద్రంలో అప్పటికే ఒకసారి చదివిందే. ఇంట్లో తడబడితే అందించేవాళ్లు ఉండకపోవచ్చు. అమ్మకో నాయనమ్మకో చదువు రాదని పిల్లలు సంకోచిస్తారు, పెద్దవాళ్లూ "మాకేం తెలుసు బిడ్డా" అని తప్పుకుంటారు. కేంద్రానికి పిలిచి వాళ్లకు చెప్పాల్సింది ఇంతే: పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టండి. వేలు లైను వెంట కదులుతోందో లేదో చూడండి. ఆగిపోతే "తర్వాతేమైంది?" అని అడగండి. మరీ ముందుకు పోకపోతే ఆ పేజీలో ఒక చింతాకో వేపాకో పెట్టి మూసేయమనండి. మర్నాడు కథ అయ్యాక వాలంటీరు మొదట విప్పాల్సింది ఆకు ఉన్న పేజీనే.